గొంగడి చెప్పే చలి చరిత్ర

డిసెంబరు నడిమికి వచ్చిందంటే పేపర్లలో కనిష్ఠ ఉష్ణోగ్రతల పట్టిక మొదలవుతుంది. సిర్పూర్ (యు), తిర్యాణి లాంటి పేర్లు పైన ఉంటాయి. ఆదిలాబాద్, ఆసిఫాబాద్ జిల్లాల వాళ్లు అందులో తమ ఊరు ఎన్నో స్థానంలో ఉందో చూసుకుంటారు. మండల స్థాయిలో ఆటోమేటిక్ వాతావరణ కేంద్రాలు వచ్చాక ఈ లెక్కలు తెల్లవారేసరికి ఫోన్లలోకి కూడా చేరుతున్నాయి. ఆ వరసలో జనగామ జిల్లాలోని స్టేషన్ ఘన్‌పూర్ కోసం వెతికితే చాలా కిందికి పోవాలి. ఎండాకాలం పట్టికలోనైతే ఈ ప్రాంతం పేరు సులువుగానే దొరుకుతుంది. అందుకే జనగామ, వరంగల్ వైపు గురించి రాసేవాళ్లు కరువు రాస్తారు, ఎండ రాస్తారు, చెరువులు రాస్తారు. చలికి ఇక్కడ చరిత్ర లేదన్నట్టు దాటిపోతారు. ఆ చరిత్ర ఉందని, అయితే అది థర్మామీటరులో కాక ఉన్నిలో నమోదైందని నా వాదన. ఈ నేలమీద చలిని కొలిచిన తొలి సాధనం గొంగడి.

చలికి చరిత్ర రాయడం ఎలాగో బ్రిటన్‌ను చూస్తే తెలుస్తుంది. ఇంగ్లండు నడిమి ప్రాంతానికి 1659 నుంచి నెలవారీ ఉష్ణోగ్రతల వరస ఉంది. డైరీలు, పాత రీడింగులు వెతికి దాన్ని కూర్చినవాడు గోర్డన్ మాన్లీ. 1963 చలికాలం 1740 తర్వాత అంతటి కఠినమైనదని అక్కడివాళ్లు తడుముకోకుండా చెప్పగలిగేది ఆ వరస వల్లే. స్కాట్లండులోని బ్రేమార్‌లో 1895లోనూ 1982లోనూ సున్నాకు 27.2 డిగ్రీలు దిగువకు పడిందని కంఠతా చెప్పే ఔత్సాహికులు అక్కడ వేలల్లో ఉంటారు. మన దగ్గర భారత వాతావరణ శాఖ 1875లో పుట్టింది. హైదరాబాద్‌లో నిజామియా అబ్జర్వేటరీ 1901లో మొదలై 1908లో నిజాం ప్రభుత్వం చేతికి వచ్చింది. హైదరాబాద్ రికార్డుగా ఇప్పటికీ చెప్పుకునే 6.1 డిగ్రీలు 1946 జనవరి 8 నాటిది. పల్లెలకు యంత్రాలు వచ్చింది నిన్న మొన్ననే. అంతకుముందు ఘన్‌పూర్ చెల్కల్లో ఏ రాత్రి ఎంత చలి పెట్టిందో అంకెల్లో రాసిపెట్టినవాడు లేడు. అంకె లేనంత మాత్రాన చలి లేదనుకోవడం తొందరపాటు.

అసలు అంకె చెప్పేది కూడా ఏ చలిని? వాతావరణ కేంద్రంలో థర్మామీటరును తెల్లరంగు వేసిన చెక్కపెట్టెలో, నేలకు దాదాపు నాలుగడుగుల ఎత్తున పెడతారు. గాలి ఆడుతుంది, ఎండ తగలదు, పైన కప్పు ఉంటుంది. స్టీవెన్సన్ అనే స్కాట్లండు ఇంజినీరు పందొమ్మిదో శతాబ్దంలో రూపొందించిన పెట్టె అది. ప్రపంచమంతా ఒకే తీరున కొలవడానికి అది కావాల్సిందే, దాన్ని తప్పు పట్టడం లేదు. కాని మబ్బులేని, గాలిలేని రాత్రి నేల తన వేడిని నేరుగా ఆకాశంలోకి వదులుతుంది. అప్పుడు నేలమీది గడ్డి ఆ పెట్టెలోని గాలికంటే కొన్ని డిగ్రీలు ఎక్కువగా చల్లబడుతుంది. 1775లో రాబర్ట్ బార్కర్ అనే ఇంగ్లీషు అధికారి అలహాబాద్ ప్రాంతంలో చూసిన పని ఒకటి రాశాడు. పనివాళ్లు లోతు తక్కువ గుంతలు తవ్వి, చెరకు ఆకో జొన్న చొప్పో మందంగా పరిచి, దానిమీద మట్టి మూకుళ్లలో కాచి చల్లార్చిన నీళ్లు పోసేవాళ్లు. గాలి గడ్డకట్టేంత చల్లగా లేని రాత్రుల్లో కూడా తెల్లారేసరికి ఆ నీళ్లమీద మంచుపెళ్ల కట్టేది. దాని గుట్టు విప్పినవాడు విలియం చార్లెస్ వెల్స్ అనే లండన్ వైద్యుడు. థేమ్స్ నది గడ్డకట్టి దానిమీద చివరిసారి సంత జరిగిన 1814లోనే ఆయన మంచుబిందువుల గురించి తన పుస్తకం అచ్చు వేశాడు. ఆయన వాడిన పరికరం తమాషాగా ఉంటుంది: తూకం వేసిన చిన్న చిన్న ఉన్ని ఉండలు. ఒక పలకను నాలుగు పుల్లలమీద నిలబెట్టి, పైన ఒక ఉండ, కింద ఒక ఉండ పెట్టి, పొద్దున తూచేవాడు. ఆకాశాన్ని చూస్తున్న ఉన్నికి మంచు ఎక్కువ పట్టేది, పలక చాటున ఉన్నదానికి చాలా తక్కువ. అంటే ఆరుబయట చలి ఆగాలంటే మనిషికీ ఆకాశానికీ మధ్య ఏదో ఒకటి అడ్డం ఉండాలి.

లండన్ తోటలో వెల్స్ చేసి చూసింది మన మందకాపరికి రోజూ ఉండే పని. మంద పెట్టడం తెలంగాణ వ్యవసాయంలో పాత ఆచారం. కోతలు అయిపోయిన చేనులో గొర్రెల మందను రాత్రంతా నిలిపితే పెంట, మూత్రం నేలకు ఎరువవుతాయి. దానికి రైతు ధాన్యమో డబ్బో ఇస్తాడు. మందతోపాటు కాపరీ అక్కడే పడుకోవాలి. తోడేలు భయం ఒకటి, దొంగల భయం ఇంకొకటి. వానకాలం పంట ఇంటికొచ్చాక మంద పెట్టే రోజులూ చలి ముదిరే రోజులూ ఒకటే. ఘన్‌పూర్ చుట్టూ ఉన్నది ఎక్కువగా ఎర్ర చెల్క. ఇసుకపాలు ఎక్కువైన నేల ఎండితే లోపలి వేడి పైకి రానివ్వదు, పైపొర గబగబా చల్లబడుతుంది. కార్తీకం దాటాక ఆకాశం తేటగా ఉంటుంది, ఉత్తరగాలి తేమ లేకుండా వస్తుంది. ఊళ్లో గోడల మధ్య పడుకున్న మనిషి చలి వేరు, చెల్కలో మంద పక్కన వెల్లకిలా పడుకున్న మనిషి చలి వేరు. ఈ వైపు డిసెంబరు, జనవరి సగటు కనిష్ఠం 15, 16 డిగ్రీల చుట్టుపక్కల ఉంటుందని చెప్పి, ఇది చలేనా అని అడిగేవాళ్లకు జవాబు ఇదే. ఆ అంకె పెట్టెలోని గాలిది, అదీ సగటు. కాపరి పడుకునేది సగటు మీద కాదు. మైదానాల్లో కనిష్ఠం 10 డిగ్రీలకు దిగి, మామూలుకంటే నాలుగున్నర డిగ్రీలు తక్కువ ఉంటే తప్ప వాతావరణ శాఖ లెక్కలో చలిగాలులు లేనట్టే. కాపరికి అలాంటి ప్రకటన అక్కర్లేకుండానే గొంగడి అవసరమైంది.

ఆ గొంగడి తయారీ చూస్తే అది ఎలాంటి రాత్రికి ఉద్దేశించిందో తెలుస్తుంది. దక్కని గొర్రెది నల్లని, ముతక ఉన్ని. ఏడాదికి రెండుసార్లు గొర్రెలను చెరువులో కడిగి, కత్తెరతో బొచ్చు తీస్తారు. దాన్ని వింటినారితో ఏకుతారు, ఆడవాళ్లు రాట్నం మీద వడుకుతారు. పడుగును వాడకట్టులో బారుగా చాపి, నానబెట్టి నూరి ఉడికించిన చింతగింజల గంజిని కుంచెతో పట్టిస్తారు. ఎండాక దారం బిరుసెక్కుతుంది. అప్పుడు గుంట మగ్గం మీదికి ఎక్కిస్తారు. రంగు వేయరు, గొర్రె రంగే గొంగడి రంగు. కొత్త గొంగడి ఒంటికి గుచ్చుకుంటుంది, వాడగా వాడగా మెత్తబడుతుంది. ఆ గంజి, ఆ బిరుసు నేతకు దారం నిలవడానికే అయినా, గొంగడి ఒంటికి అంటుకోకుండా గుడారంలా నిలబడేది కూడా దానివల్లే. సగం కింద పరిచి సగం పైన కప్పుకుంటే నేల చలి, ఆకాశపు చలి రెండూ ఆగుతాయి. ఉన్ని తన బరువులో మూడోవంతు దాకా తేమ పీల్చుకుని కూడా తడిసినట్టు అనిపించదు, పీల్చుకునేటప్పుడు కొంచెం వేడి కూడా పుట్టిస్తుంది. మంచు కురిసే రాత్రికి ఇంతకంటే పనికొచ్చేది నూలులో లేదు. మంచులో తడిసిన నూలు దుప్పటి ఒంటికి అంటుకుని చలిని ఇంకా పెంచుతుంది.

గొంగడి వానకు కప్పుకునేది కదా, దాన్ని చలికి సాక్ష్యంగా ఎలా నిలబెడతావని అడగవచ్చు. నిజమే, ముసురు పట్టినప్పుడు గొంగడి మూల మడిచి నెత్తిన వేసుకుని నాటు వేయించిన రైతులు, పశువుల వెంట నడిచిన పాలేర్లు తెలంగాణ అంతటా ఉన్నారు. గింజలు ఆరబోసుకున్నారు, అన్నం మూట కట్టుకున్నారు, పంచాయితీకి పరుచుకుని కూర్చున్నారు. కాని ఒక్క వానకే అయితే తాటాకు గొడుగు చాలు, దానికి గొర్రె అక్కర్లేదు, మగ్గం అక్కర్లేదు. ఇంకో బలమైన సాక్ష్యం గొర్రే ఇస్తుంది. కోస్తాలో పెరిగిన నెల్లూరు గొర్రెకు ఉన్ని లేదు, ఒంటినిండా పొట్టి వెంట్రుకలే. పీఠభూమి మీద తెలంగాణ, కర్ణాటక, మహారాష్ట్రల్లో పెరిగిన దక్కని గొర్రెకు ఉన్ని ఉంది. సముద్రం పక్కన పగటికీ రాత్రికీ తేడా తక్కువ, పీఠభూమి మీద ఎక్కువ. ఉన్ని కోసం మనుషులే తరతరాలుగా అలాంటి గొర్రెను ఏరి పెంచుకున్నారంటే కాదనను. అప్పుడైనా, ఉన్ని కోసం అంత శ్రమ ఎందుకు పడ్డారన్న ప్రశ్నకు జవాబు చలే అవుతుంది.

గొర్రె ఇక్కడ చిన్న వ్యవహారం కాదనడానికి రాతపూర్వక ఆధారాలు తక్కువేమీ లేవు. ఘన్‌పూర్‌కు దగ్గరలోని ఓరుగల్లు నుంచి ఏలిన కాకతీయుల కాలంలో పచ్చికకు పుల్లరి అనే పన్ను ఉండేది. గుళ్లలో అఖండ దీపాల నెయ్యి కోసం మందలను దానం చేసిన శాసనాలు ఎన్నో ఉన్నాయి. నిజాం కాలంలో దొరల వెట్టి, గొర్రెలు కాసి గొంగళ్లు నేసే కురుమల మందల దాకా పోయింది. గడీలో పెళ్లయినా, పండగయినా, అధికారి దిగినా మందలోంచి గొర్రె ఊరికే ఇచ్చుకోవాల్సిందే. 1946 జులై 4న కడవెండిలో విసునూరు దేశ్‌ముఖ్ మనుషుల కాల్పుల్లో చనిపోయిన దొడ్డి కొమురయ్య కురుమ ఇంటి బిడ్డ. తెలంగాణ సాయుధ పోరాటం గుర్తుకొస్తే భుజాన గొంగడి, చేతిలో కర్ర ఉన్న మనిషి కళ్లముందు మెదలడం వట్టి నాటకీయత కాదు. రాత్రుళ్లు బయట తిరిగేవాడికి, చెట్టుకింద, గుట్టకింద పడుకునేవాడికి అది అవసరమైన సామాను. తర్వాత గద్దర్ దాన్ని వేదికమీదికి తెచ్చాడు, ‘మా భూమి’ సినిమా తెరమీదికి తెచ్చింది. గొంగడికి వచ్చిన ఈ రాజకీయ గౌరవం దాని అసలు పనిని కొంత మరిపించిందని కూడా నాకు అనిపిస్తుంది. పోరాట చిహ్నంగా గొంగడిని గుర్తుపట్టే కుర్రాళ్లకు దాన్ని కప్పుకుంటే ఎంత వెచ్చగా ఉంటుందో తెలియదు.

ఈ సాక్ష్యానికి ఒక వెలితి ఉంది, దాచడం బాగుండదు. గొంగడి అందరికీ లేదు. ఎక్కువగా మంద ఉన్నవాడికి, నాలుగెకరాలున్నవాడికి ఉండేది. మాదిగ, మాల వాడల్లో పాత చీరలు కలిపి కుట్టిన బొంత, గోనె సంచి, చలిమంట — ఇవే దిక్కు. ఆ చలిని గొంగడి చెప్పదు. బొంతలు చినిగి పోయాయి, మంటలు ఆరిపోయాయి. చరిత్రకు మిగిలే వస్తువు ఎప్పుడూ ఎంతోకొంత ఉన్నవాడిదే.

గొంగడి పోవడానికి చలి తగ్గిపోవడమే కారణమనే మాట ఈమధ్య ఎక్కువగా వినిపిస్తోంది. రాత్రి ఉష్ణోగ్రతలు కొన్ని దశాబ్దాలుగా పెరుగుతున్న మాట నిజం. అయితే గొంగడి పతనం దానికి ముడిపడి లేదు. శివరాత్రికి చలి శివశివా అంటూ పోతుందని ఇప్పటికీ అంటున్నాం, పుష్యంలో రగ్గు లేకుండా పడుకునేవాళ్లు ఇప్పటికీ లేరు. మారింది రగ్గు. సంతల్లో, బస్టాండుల దగ్గర కుప్పలు పోసి అమ్మే చవక రగ్గుల్లో చాలావాటి పుట్టిల్లు హర్యానాలోని పానీపట్. చలిదేశాల వాళ్లు వాడి పారేసిన కోట్లు, స్వెటర్లు ఓడల్లో తెచ్చి, చింపి, మళ్లీ వడికి అక్కడ రగ్గులు చేస్తారు. పాత ఉన్నిని చింపి కొత్త దారం తీసే ఈ పద్ధతి పుట్టింది ఇంగ్లండులోని యార్క్‌షైర్‌లో, బాట్లీ అనే ఊళ్లో, 1813లో. బ్రిటన్ చలి కోసం కుట్టిన కోటు ముక్కలై వచ్చి మన కురుమ మగ్గాన్ని మూయించిందంటే అతిశయోక్తి అనిపించవచ్చు, కాని కథలో సగం అదే.

మిగతా సగం ఇక్కడి నేలదే. జొన్న చేలు పత్తి, వరి చేలయ్యాయి. బోర్లు వచ్చాయి. దేవాదుల ఎత్తిపోతల నీళ్లు ధర్మసాగర్, ఘన్‌పూర్ రిజర్వాయర్లకు చేరాయి, యాసంగిలోనూ పొలం పచ్చగా ఉంటోంది. రైతుకు అది మేలే, దాన్ని తప్పుపట్టడం గొంగట్లో తింటూ వెంట్రుకలు ఏరినట్టవుతుంది. కాని బీడు తగ్గితే మంద పెట్టే చోటు తగ్గింది. కాపరి కూడా మాంసం ధర చూసుకుని ఉన్ని గొర్రెను వదిలి ఉన్ని లేని ఎర్ర గొర్రెకు మారాడు. ఉన్నికి వచ్చే డబ్బు కత్తిరింపు కూలికి కూడా చాలకపోతే ఎవరు పెంచుతారు? 2017 జూన్‌లో రాష్ట్ర ప్రభుత్వం మొదలుపెట్టిన గొర్రెల పథకంలో 75 శాతం రాయితీతో ఒక్కో కుటుంబానికి ఇరవై గొర్రెలు, ఒక పొట్టేలు ఇచ్చారు. ఎక్కువగా పొరుగు రాష్ట్రాల నుంచి తెచ్చిన మాంసపు జాతులే అవి. గొల్ల కురుమలకు మేలు చేయాలన్న పథకం కురుమల నేతకు ముడిసరుకు ఇచ్చే గొర్రెను లెక్కలోకే తీసుకోలేదు. అది నిర్లక్ష్యమని నా అభిప్రాయం.

మండల వాతావరణ కేంద్రాల అంకెలు ఇప్పుడు రోజూ దాస్తున్నాం, మంచిదే. వాటి పక్కన నేలమీద ఒక కనిష్ఠ థర్మామీటరు పెట్టడం పెద్ద ఖర్చు కాదు, పెట్టాలి. అంతకంటే తొందరగా చేయాల్సిన పని ఇంకొకటి ఉంది. చెల్కల్లో మంద పక్కన చలికాలాలు గడిపిన కాపరులు, గొంగడి నేయడం తెలిసిన కురుమ పెద్దలు జనగామ, ఘన్‌పూర్, పాలకుర్తి, లింగాల ఘన్‌పూర్ ఊళ్లలో ఇంకా ఉన్నారు. ఏ ఏడు చలికి గొర్రెపిల్లలు ఎక్కువ చనిపోయాయో, ఏ నెలలో మందను ఏ నేలకు మార్చేవారో చెప్పగలిగేది వాళ్లే. కాకతీయ విశ్వవిద్యాలయంలో చరిత్ర చదువుతున్న పిల్లలైనా, స్థానిక బడుల్లో పాఠాలు చెప్పే టీచర్లయినా వచ్చే పుష్యంలోపు వెళ్లి ఆ మాటలు రికార్డు చేయాలి.