పదహారో ఏడు: ఒక పుట్టినతేదీ చరిత్ర

ఉద్యోగార్థుల దొంగ ధ్రువపత్రాల ప్రస్తావన వచ్చినప్పుడల్లా మన చర్చ మోసగాడి తెలివితేటల దగ్గరే ఆగిపోతుంది. తనిఖీ చేసేవాడి తెలివితేటలకూ ఒక చరిత్ర ఉంది. భారత సివిల్ సర్వీసులో ఆ చరిత్ర 1869లో, నిజం చెప్పిన ఒక అభ్యర్థిని వెలివేయడంతో మొదలైంది.

ఈస్టిండియా కంపెనీ డైరెక్టర్లు తమవారిని నామినేట్ చేసుకునే పద్ధతి పోయి, 1855 నుంచి పోటీ పరీక్ష వచ్చింది. పరీక్ష లండన్‌లో, గరిష్ఠ వయసు ఆనాటికి 21 ఏళ్లు. 1863లో సత్యేంద్రనాథ్ టాగూర్ తప్ప 1869 దాకా మరో భారతీయుడు అందులో నెగ్గలేదు. ఆ ఏడాది ఒకేసారి నలుగురు నెగ్గారు: రమేశ్ చంద్ర దత్, బిహారీలాల్ గుప్తా, సురేంద్రనాథ్ బెనర్జీ, బొంబాయి నుంచి శ్రీపాద్ బాబాజీ ఠాకూర్. ఫలితాలు వచ్చాక చివరి ఇద్దరి వయసుపై సివిల్ సర్వీస్ కమిషనర్లకు అనుమానం కలిగింది.

సురేంద్రనాథ్ 1848 నవంబరులో పుట్టారు. 1863 చివర కలకత్తా విశ్వవిద్యాలయపు మెట్రిక్యులేషన్‌కు కూర్చున్నప్పుడు తన వయసు 16 అని రాశారు. అప్పటికి ఆయనకు నిండినవి 15 ఏళ్లే. నడుస్తున్నది పదహారో ఏడు. మన ఇళ్లలో పెద్దలు నేటికీ లెక్కించే తీరు ఇదే. ‘పదహారో ఏడు పడింది’ అంటే పదిహేను నిండాయని తెలుగువాడికి విడమరచి చెప్పనక్కర్లేదు. కమిషనర్లు మాత్రం ఆ 16ను నిండిన వయసుగా తీసుకుని కూడికలు వేశారు. 1869 నాటికి 21 దాటినట్లు తేలింది. జాబితా నుంచి పేరు కొట్టేశారు.

అంకెలు రెండూ నిజమే. వాటిని చదివిన పద్ధతి తప్పు. సురేంద్రనాథ్ స్వదేశం నుంచి ప్రమాణపత్రాలు తెప్పించి క్వీన్స్ బెంచ్ న్యాయస్థానాన్ని ఆశ్రయించారు. ఆ వివాదం నడుస్తుండగానే ఇక్కడ ఆయన తండ్రి మరణించారు. చివరకు ఆయన పేరూ, ఠాకూర్ పేరూ తిరిగి జాబితాకెక్కాయి. 1871లో సురేంద్రనాథ్ సిల్హెట్‌లో ఉద్యోగంలో చేరారు. 1874లో మరో వ్యవహారంలో, ఒక కేసు రికార్డుకు సంబంధించిన ఆరోపణపై, ఆయనను తొలగించారు. 1876లో ఇండియన్ అసోసియేషన్ స్థాపించారు. సివిల్ సర్వీసు గరిష్ఠ వయసును 21 నుంచి 19కి దించినప్పుడు, దానికి వ్యతిరేకంగా దేశం తిరిగి సభలు పెట్టినది ఆయనే. భారతీయులను పరీక్ష నుంచి తప్పించడానికి వయసు ఎంత సులువైన సాధనమో ఆయనకు వేరెవరూ చెప్పనక్కర్లేదు. తర్వాత రెండుసార్లు కాంగ్రెస్ అధ్యక్షుడయ్యారు.

స్వతంత్ర భారతంలో ఈ లెక్క తేలిందనుకుంటే పొరపాటు. 2012లో సైన్యాధిపతి జనరల్ వి.కె.సింగ్ తన పుట్టిన సంవత్సరం కోసం సుప్రీంకోర్టు మెట్లెక్కారు. మెట్రిక్యులేషన్ పత్రంలో 1951, జాతీయ రక్షణ అకాడమీ దరఖాస్తులో 1950. ఒకే ప్రధాన కార్యాలయంలోని రెండు శాఖలు దశాబ్దాల పాటు రెండు వేర్వేరు సంవత్సరాలను భద్రపరిచాయి. ఆయన పిటిషన్ ఉపసంహరించుకుని ఆ మే 31న పదవీ విరమణ చేశారు. ఎవరి పక్షాన న్యాయముందన్నది అలా ఉంచితే, చేరిన రోజున అడగాల్సిన ప్రశ్నను వెళ్లే రోజున అడగడం మాత్రం మన యంత్రాంగపు సొంత శైలి.

2024 జులై 31న యూపీఎస్సీ ఒక ప్రొబేషనరీ అధికారిణి అభ్యర్థిత్వాన్ని రద్దు చేసినప్పుడు పత్రికలన్నీ ఆ అధికారిణి వెంటే పరుగెత్తాయి. కమిషన్ ప్రకటనలో ఒక వాక్యాన్ని పట్టించుకున్నవారు తక్కువ. ధ్రువపత్రం అధీకృత అధికారి జారీ చేసినదేనా, తేదీలు సరిగా ఉన్నాయా అన్నది మాత్రమే తాము ప్రాథమికంగా చూస్తామని, ఏటా వచ్చే వేలాది పత్రాల నిజానిజాలు తేల్చే అధికారం గానీ వనరులు గానీ తమకు లేవని కమిషన్ స్పష్టంగా చెప్పింది. 2009 నుంచి 2023 వరకు ఎంపికైన 15,000 మందికి పైగా అభ్యర్థుల సమాచారాన్ని అప్పుడు తిరగేసింది. అంటే ముద్ర ఉన్న కాగితం తెచ్చినవాడికి ద్వారం తెరిచే ఉంది. 1869లో కాగితాన్ని మనిషి కంటే ఎక్కువ నమ్మి నిజాయితీపరుణ్ణి బయటికి నెట్టారు. ఇప్పుడు అదే నమ్మకం దొంగకు లోపలికి దారిస్తోంది.

అదే ఏడాది ఆగస్టులో అభ్యర్థుల గుర్తింపునకు ఆధార్‌ను స్వచ్ఛందంగా వాడుకునేందుకు కేంద్రం కమిషన్‌ను అనుమతించింది. వేలిముద్ర మనిషి ఎవరో చెబుతుంది. అతని డిగ్రీ, కులం, వైకల్యం నిజమా కాదా చెప్పదు. పత్రం ఇచ్చిన విశ్వవిద్యాలయాన్నీ, తహసీల్దారునూ, వైద్యమండలినీ నియామకానికి ముందే నేరుగా అడగడం ఒక్కటే మార్గం. అనుమానం వస్తే అభ్యర్థి మాట వినడం కూడా అందులో భాగమే.

ఇక వయసు సంగతి. 2024 అక్టోబరులో సుప్రీంకోర్టు ఒక మోటారు ప్రమాద కేసులో, పుట్టినతేదీకి ఆధార్ రుజువు కాదని, బడి విడిచినప్పుడు ఇచ్చే పత్రాన్నే ప్రమాణంగా తీసుకోవాలని చెప్పింది. మన పల్లె బడుల్లో పంతులుగారు అడ్మిషన్ రిజిస్టరులో తోచిన తేదీ వేసి చేర్చుకున్న తరం ఇంకా ఉద్యోగాల్లోనే ఉంది.