నాలుగు వేలతో తేలాల్సిన కేసు

హ్యూస్టన్ నగరం, 1920. రాత్రివేళ ఓ వీధిలో ఫర్నిచర్ కంపెనీ ట్రక్కు నిలిచిపోయి ఉంది. అంతకుముందే అది ఓ బండిని గుద్దింది. ఇక నడిచే స్థితిలో లేకపోవడంతో డ్రైవరు అక్కడే వదిలి వెళ్లాడు. దీపం లేదు. చీకట్లో వచ్చిన ఓ కారు నేరుగా దాన్ని ఢీకొట్టింది. కారులో ఉన్న యువతి తీవ్రంగా గాయపడింది.

ట్రక్కు జి.ఎ. స్టవర్స్ ఫర్నిచర్ కంపెనీది. ఆ యువతి 20,000 డాలర్లకు దావా వేసింది. కంపెనీకి మాత్రం అమెరికన్ ఇండెమ్నిటీ అనే సంస్థలో బీమా ఉంది. ఒక మనిషి గాయపడితే 5,000 డాలర్ల దాకా ఆ సంస్థ భరిస్తుంది. లాయర్‌ని పెట్టేది అదే, కేసు నడిపేది అదే. తన అనుమతి లేకుండా స్టవర్స్ వాళ్లు రాజీపడితే ఆ సొమ్ము వాళ్లే కట్టుకోవాలని పాలసీలో షరతు కూడా పెట్టింది.

విచారణకు ముందు అవతలి పక్షం నుంచి రాజీ కబురొచ్చింది. 4,000 డాలర్లిస్తే కేసు వదులుకుంటామన్నారు. పాలసీ పరిమితి కన్నా అది వెయ్యి తక్కువ.

ఇక్కడ ఎవరి లెక్క వాళ్లది. రాజీపడితే బీమా సంస్థకు 4,000 ఖాయంగా పోతాయి. కోర్టులో ఓడితే, తీర్పు ఎంత పెద్దదైనా తన వాటా 5,000 దగ్గర ఆగిపోతుంది. గెలిస్తే ఏమీ ఇవ్వక్కర్లేదు. అంటే ఆ సంస్థ అదనంగా ఒడ్డేది వెయ్యి, మిగుల్చుకోగలిగేది నాలుగు వేలు. స్టవర్స్ వైపు నుంచి చూడండి. రాజీ కుదిరితే పైసా పోదు. ఓడితే 5,000 పైన పడే ప్రతి డాలరూ తన నెత్తిమీదే. పందెం వేసేది ఒకరు, పణంగా పోయేది మరొకరి సొమ్ము. ఇద్దరూ ఒకే పక్షం, ఒకే లాయరు. అయినా ఆ పరిమితి అంకె దగ్గర వాళ్ల దారులు వేరైపోయాయి.

2,500కి మించి ఇవ్వనంది బీమా సంస్థ. కేసు విచారణకు వెళ్లింది. తీర్పు 12,207 డాలర్లు. వడ్డీ, ఖర్చులు కలిసి 14,000 దాటింది.

స్టవర్స్ కంపెనీ ఆ డబ్బు కట్టి, బీమా సంస్థ మీద దావా వేసింది. కింది కోర్టుల్లో ఓడినా వదల్లేదు. 1929లో టెక్సాస్ కమిషన్ ఆఫ్ అపీల్స్ ఆ తీర్పులను కొట్టేసింది. కేసు పగ్గాలన్నీ తన చేతిలో పెట్టుకున్న సంస్థ, వివేకం ఉన్న మామూలు మనిషి సొంత వ్యవహారంలో చూపేంత జాగ్రత్త చూపాలంది. చూపిందో లేదో తేల్చడానికి కేసును తిరిగి విచారణకు పంపింది.

టెక్సాస్ లాయర్లు ఇప్పటికీ ‘స్టవర్స్ డిమాండ్’ అనేది ఈ కేసును బట్టే. గాయపడినవాళ్లు పాలసీ పరిమితి లోపల, దావా పూర్తిగా వదులుకుంటామంటూ, సబబైన రాజీ ప్రతిపాదిస్తే, కాదని కోర్టుకెళ్లి ఓడిన బీమా సంస్థ మిగతా సొమ్మూ భరించాల్సి రావచ్చు. కాబట్టి మీ మీద అలాంటి డిమాండ్ వచ్చిందని తెలిస్తే, ఒప్పుకోమని మీ సంస్థకు రాతపూర్వకంగా చెప్పండి. రాజీ కబురే రాకపోతే మాత్రం ఈ సూత్రం మిమ్మల్ని కాపాడదు.

టెక్సాస్‌లోని ఇర్వింగ్‌లోనో ఫ్రిస్కోలోనో మొదటి కారు కొన్న మన కుర్రాడు రూమ్మేట్‌ని అడిగే ప్రశ్న ఒకటే. “అన్నా, లీగల్‌గా కనీస బీమా చాలు కదా?” చాలు. టెక్సాస్ చట్టం అడిగే కనీసం 30/60/25. ఒక మనిషి గాయాలకు 30,000 డాలర్లు, ప్రమాదం మొత్తంలో గాయపడినవాళ్లందరికీ కలిపి 60,000, ఆస్తి నష్టానికి 25,000. ఇండియాలో థర్డ్ పార్టీ పాలసీలో గాయానికీ మరణానికీ ఇలాంటి గీత లేదు. ట్రిబ్యునల్ ఎంత వేస్తే బీమా సంస్థ అంతా కట్టాలి. అక్కడి నుంచి వచ్చినవాడికి ఇక్కడి 30 అంటే ఏమిటో తట్టకపోవడం సహజం. ఓ సర్జరీ, కొన్నాళ్ల ఐసీయూ పడితే ఆ 30,000 ఎటుపోతాయో కూడా తెలియదు. ఎదుటి కారులో నలుగురుంటే 60,000నే వాళ్లంతా పంచుకోవాలి. పైగా అందరికీ సమంగా పంచాలని లేదు. ఒకరితో సబబైన రాజీ చేసుకుంటే మిగతావాళ్లకు తక్కువ మిగిలినా తప్పు కాదని టెక్సాస్ సుప్రీంకోర్టు 1994లో సోరియానో కేసులో చెప్పింది.

ఇవన్నీ గుద్దినవాడి కష్టాలు. నాకు ఎక్కువ బాధ కలిగించేది రెండోవైపు. గుద్దింది మరొకరై, ఆసుపత్రిలో ఉన్నది మనమైతే, అతని పాలసీ కూడా 30,000 దగ్గరే ఆగిపోవచ్చు. మిగతాది అతని నుంచి రాబట్టడం కష్టం. టెక్సాస్‌లో ఇలాంటి తీర్పు కోసం జీతం జప్తు చెయ్యనివ్వరు, సొంతిల్లు జోలికీ వెళ్లనివ్వరు. అప్పుడు ఆదుకోవాల్సింది మన పాలసీలోని అన్‌ఇన్సూర్డ్, అండర్‌ఇన్సూర్డ్ మోటరిస్ట్ కవరేజీ. టెక్సాస్ చట్టం ప్రకారం బీమా సంస్థ దాన్ని ఇవ్వజూపి తీరాలి. రాతపూర్వకంగా వద్దంటేనే అది పాలసీలోంచి పోతుంది. ప్రీమియం కొంత తగ్గుతుందని చాలామంది తొందరగా సంతకం పెట్టేసే కాగితాల్లో ఆ ‘వద్దు’ ఉందేమో ముందు చూసుకోండి. ఉంటే మీ ఏజెంటుకి ఫోన్ చేసి వెనక్కి తీసుకోండి.