పెదవి తగలకుండా రామాయణం

"ఫలానా అక్షరాలున్న ఇంగ్లీషు మాట చెప్పు" అంటే మనవాళ్ళు రెచ్చిపోతారు. జీఆర్ఈ కోసం బ్యారన్స్ వర్డ్ లిస్టు బట్టీ పట్టిన బ్యాచ్ కదా మరి! 2021లో వర్డిల్ వచ్చింది. 2022 జనవరిలో న్యూయార్క్ టైమ్స్ దాన్ని కొనేసింది. అప్పట్నించీ లంచ్ టేబుల్ దగ్గర ఐదక్షరాల మాటల గురించే గోల. ఆట కాకపోయినా పనిలో గ్రెప్ ఎలాగూ ఉంది. 1970ల మొదట్లో కెన్ థాంప్సన్ రాసిన ఆ చిన్న ప్రోగ్రాముతో ఏ అక్షరాలున్న మాటనైనా సెకనులో పట్టేస్తాం.

మరి తెలుగులో ఈ ఆట ఎవరాడారు? నాలుగొందల యాభై ఏళ్ళ క్రితమే ఆడారు. అదీ మన ఇబ్రహీంపట్నానికి పేరిచ్చిన రాజుగారి రోజుల్లో.

సాగర్ రోడ్డు మీద ఇంజినీరింగ్ కాలేజీ బస్సులు, పక్కనే ఆదిభట్లలో టీసీఎస్... ఇబ్రహీంపట్నం అనగానే మనకి గుర్తొచ్చేవి ఇవే. ఊరికీ, ఆ పెద్ద చెరువుకీ పేరు మాత్రం ఇబ్రహీం కుతుబ్ షాది. ఆయన 1550 నుంచి 1580 దాకా గోల్కొండని ఏలాడు. అంతకుముందు అన్న జంషీద్ కి భయపడి, ఏడేళ్ళు విజయనగరంలో అళియ రామరాయల దగ్గర తలదాచుకున్నాడు. తెలుగు మీద మమకారం అక్కడే బలపడింది అంటారు. (అదే రామరాయల మీద 1565లో తళ్ళికోట యుద్ధానికి వెళ్ళాడు, అది వేరే కథ!) అద్దంకి గంగాధర కవి తన తపతీ సంవరణోపాఖ్యానాన్ని ఈయనకే అంకితమిచ్చాడు. కందుకూరి రుద్రకవికి ఈయన చింతలపాలెం ఊరిని ఇచ్చాడు. మన కవులు 'మాలిక్ ఇబ్రహీం'ని ఏకంగా 'మల్కిభరాముడు' చేసేశారు. సుల్తాను పేరులో రాముణ్ణి కూర్చోబెట్టారన్నమాట!

ఆ కాలం కవే మరింగంటి సింగరాచార్యులు. ఇబ్రహీం ఆయన్ని సత్కరించాడని సాహిత్య చరిత్రలు చెప్తాయి. ఆయన రాసిన 'దశరథరాజనందన చరిత్ర'ని తెలుగులో తొలి నిరోష్ఠ్య కావ్యం అంటారు. ఓష్ఠం అంటే పెదవి. పెదవులు తగిలితే గానీ పలకని అక్షరాలు లేకుండా రాయడమే నిరోష్ఠ్యం. అంటే ప, ఫ, బ, భ, మ కట్. ఇంకా కట్టుదిట్టంగా పోతే పెదవులు గుండ్రంగా చుట్టాల్సిన ఉ, ఊ, ఒ, ఓ, ఔ కూడా కట్. వ కూడా పంటికీ పెదవికీ తగిలేదే కాబట్టి అదీ అనుమానమే.

ఇప్పుడు ఆ పుస్తకం పేరు మళ్ళీ చదవండి. దశరథరాజనందన చరిత్ర. పెదవి ఎక్కడా తగలదు. రామ చరిత్ర అని ఎందుకు పెట్టలేదో తెలిసిందిగా? రామలో మ ఉంది! హీరో పేరు పలక్కుండా రామాయణం చెప్పాలి. రాఘవ అందామంటే వ అడ్డం. కాకుత్స్థ అంటే ఉ అడ్డం. దాశరథి అయితే పాస్. లక్ష్మణుడు ఫెయిల్, సౌమిత్రి అంటే రెండు చోట్ల ఫెయిల్. రావణుడు కుదరదు గానీ దశకంఠ కుదురుతుంది. హనుమ కుదరదు, ఆంజనేయ ఓకే. ఏ ఇబ్బందీ లేని పేరు ఒక్కటే, సీత. ఇక మల్కిభరాముడు అన్న పేరులో మ, భ, మళ్ళీ మ... రాజుగారి పేరు కూడా నోరెత్తి అనడానికి లేదు!

ఈ ఐడియా సంస్కృతంలో ముందే ఉంది. దండి దశకుమార చరిత్రలో మంత్రగుప్తుడి పెదవిని ప్రియురాలు కొరికేస్తుంది. ఆ నొప్పికి అతను పెదవి కదపకుండా కథంతా చెప్తాడు. కానీ తెలుగులో కష్టం ఇంకా ఎక్కువ. మన డు, ము, వు, లు చూడండి, అన్నిట్లోనూ ఉకారమే. బహువచనం అనాలన్నా పెదవి చుట్టాల్సిందే. సంస్కృత సమాసాలు అల్లుకుంటూ పోతే కొంత తప్పించుకోవచ్చు. సింగరాచార్యులు ఆ దారి కూడా మూసుకుని, శుద్ధాంధ్రంలో నిరోష్ఠ్యంగా సీతాకళ్యాణం రాశాడు. ఫ్రాన్సులో జార్జ్ పెరెక్ 'ఇ' అక్షరం లేకుండా నవల రాసింది 1969లో. అమెరికాలో ఎర్నెస్ట్ విన్సెంట్ రైట్ అలాంటిదే 1939లో తెచ్చాడు. వాళ్ళ గురించి ఎంతో గొప్పగా చదువుతాం. సింగరాచార్యుల పేరు మనలో ఎంతమందికి తెలుసు?

ఈ మరుపుకి పాత చరిత్రే ఉంది. తెలంగాణలో కవులు పూజ్యం అని ఒకాయన రాసేస్తే, సురవరం ప్రతాపరెడ్డి గారు 1934లో 354 మంది కవులతో గోలకొండ కవుల సంచిక అచ్చేసి జవాబు చెప్పాల్సి వచ్చింది.

ఇంతకీ ఆ కవులకి వర్డ్ ఫైండర్ ఏది? నిఘంటువు, అదీ బుర్రలో. అమరకోశం చిన్నప్పుడే కంఠతా వచ్చేసేది. ఒక్కో మాటకి పది పర్యాయపదాలు రెడీగా ఉంటే, వాటిలోంచి అక్షరం చూసి ఏరుకోవడమే. అవధానంలో ఇప్పటికీ జరిగేది అదే. 'మూడో పాదంలో పదకొండో అక్షరం క్ష రావాలి' అంటే న్యస్తాక్షరి. వర్డిల్ లో గ్రీన్ గడి అనుకోండి. నిరోష్ఠ్యం గ్రే గడి.

మరి మన కంప్యూటర్లో? యూనికోడ్ లో తెలుగు 1991 నుంచి ఉంది. నిరోష్ఠ్యం చెక్ చెయ్యడానికి ఒక్క లైను రెగ్యులర్ ఎక్స్‌ప్రెషన్ చాలు. పైన చెప్పిన హల్లులు, అచ్చులు, వాటి గుణింతం గుర్తులు రాసేస్తే సరి. న్యస్తాక్షరి దగ్గరే చిక్కు. 'సంస్కారం' మనకి మూడక్షరాలు. సం, స్కా, రం. యూనికోడ్ లెక్కలో మాత్రం ఎనిమిది. మూడో అక్షరం ఏదంటే కంప్యూటర్ 'స' అంటుంది, ఐదేళ్ళ పిల్లాడు 'రం' అంటాడు. పిల్లాడిదే కరెక్టు! 'స్త్రీ' ఒకే అక్షరం, కోడ్ లో ఆరు ముక్కలు. కాబట్టి వెతికే ముందు మాటని అక్షరాలుగా విడగొట్టాలి. సున్నా, వత్తు, గుణింతం అన్నీ ముందున్న హల్లుకి అతికించాలి. పెద్ద కష్టం కూడా కాదు, ఒక శనివారం పని.

ఇంగ్లీషు మాటలు వెతకడానికి వంద సైట్లున్నాయి, వాటిలో కొన్నిటికి కోడ్ రాసింది మనవాళ్ళే అయ్యుండొచ్చు. అందులో ఒక్క శనివారం తెలుగుకివ్వండి. టెస్ట్ కేసు నేనిస్తా. రామాయణంలో పేర్లన్నీ ఇచ్చి, పెదవి తగలనివి ఏరమనండి. దాశరథి రావాలి, సీత రావాలి, ఆంజనేయ రావాలి. రాముడు వచ్చాడంటే బగ్ ఉన్నట్టే!