టేకుచెట్టు: నాటువాడు, కోయువాడు



మంథని, రామగిరి ప్రాంతములవారికి టేకును గూర్చి క్రొత్తగా చెప్పనక్కరలేదు. వేసవిలో ఆకు రాల్చి మోడై నిలిచి, తొలకరితో చేటలంత ఆకులు తొడుగు ఈ వృక్షము గోదావరి యొడ్డు అడవులలో సహజముగా పెరుగునది. లేతాకును నలిపిన వ్రేళ్లకు ఎఱ్ఱరంగు అంటును. సంస్కృతమున దీనికి శాకమని పేరు. చేవలోని తైలమువలన చెద త్వరగా పట్టదు; అందుచేతనే దూలములకు, ద్వారబంధములకు దీనినే కోరుచున్నాము.

ఓడల నిర్మాణమునకై మలబారు టేకును మితిమీరి కొట్టగా కొరత యేర్పడెను. అప్పుడు, 1840 తరువాతి సంవత్సరములలో, మలబారు కలెక్టరు కనోలీ దొర నిలంబూరున టేకుతోటలు వేయ పూనుకొనెను. మొదట విత్తనములు సరిగా మొలవలేదు. చాతు మేనోను అను స్వదేశోద్యోగి ఓర్పుతో ఆ చిక్కును విడదీసెను. ఆనాటి తోటలో కొంతభాగము నేటికిని నిలిచియున్నది.

చిక్కంతయు కాయ పెంకులో నున్నది. రాత్రి నానబెట్టి, పగలు ఎండబెట్టి, ఇట్లు కొన్నిదినములు చేసిన మొలక సులభమగును. నారుమడిలో ఒకయేడు పెరిగిన మొక్కకు తల్లివేరును, జానెడుకంటె తక్కువ కాండమును మిగిల్చి కోసి, తొలకరిలో నాటుదురు. నీరు నిలుచు రేగడి దీనికి గిట్టదు, నీడను సహింపదు. తొలియేండ్లలో కలుపు తీసి, నిప్పు సోకకుండ కాపాడవలెను. ఒత్తుగా పెరిగినప్పుడు బలహీనమైన చెట్లను తీసివేయవలెను.

మన సీమలో అడవి కథయు బొగ్గు కథయు పెనవేసికొన్నవి. ఇల్లందు సమీపమున 1889లో బొగ్గు త్రవ్వకము మొదలాయెను. ఆ శతాబ్దిని స్మరింపజేయు పేరే సెంటినరీ కాలనీది. గని కప్పు కూలకుండ పూర్వము కఱ్ఱ దిమ్మెలనే మోపుగా నిలిపెడివారు. ఆ బొగ్గు సయితము 25 కోట్ల యేండ్లకు పైబడిన అడవియే. దానిని మరల మొలిపింపజాలము, టేకును మొలిపింపగలము.

అయితే తొందర కూడదు. 1990 తరువాత దేశమున కొన్ని కంపెనీలు టేకుతోటల పేర స్వల్పకాలమున బహులాభమని చెప్పి, జనులవద్ద ధనము గ్రహించి, పిమ్మట మూతపడెను. చేవ ముదురుటకు దశాబ్దములు పట్టునను సంగతిని అవి దాచెను.

కావున చెలక గట్టులపై పది మొక్కలైనను నాటుడు. నాటిన సంవత్సరమును వ్రాసి పట్టా కాగితములతో నుంచుడు. టేకును నరకుటకు, తరలించుటకు అటవీశాఖ నిబంధనలు కలవు. మీ మనుమడు కోయదలచిననాడు, ఆ చెట్టు సొంతభూమిలోనిదని చూపుటకు ఆ వ్రాత అక్కరకు వచ్చును.