తల్లులు తెరిచిన ఆటల బడి

మూడు నాలుగేళ్ల పిల్లలకు బడి పెట్టాలంటే సర్కారు ఉత్తర్వు రావాలి, బిల్డింగు కావాలి, ట్రైనింగైన టీచరమ్మ కావాలి అని మనం అనుకుంటూ ఉంటాం. ఇవేవీ లేకుండా వాడలోని తల్లులే మొదలుపెట్టిన బడుల చరిత్ర ఒకటుంది. అది మనం తెలుసుకోదగినది.

రెండవ ప్రపంచయుద్ధ కాలంలో న్యూజిలాండు మగవాళ్లు వేల సంఖ్యలో సైన్యంలోకి వెళ్లారు. చంటిపిల్లలతో తల్లులు ఇళ్లలో ఒంటరివారయ్యారు. 1941లో వెల్లింగ్టన్ నగరం కరోరీ పేటలో కొందరు స్త్రీలు పూనుకొని పిల్లలను ఒకచోట ఆడించే ఏర్పాటు చేశారు. దానికి ప్లేసెంటర్ అని పేరు. కొందరు తల్లులు వంతు ప్రకారం పిల్లలను చూస్తే, మిగతావారికి కాస్త తీరిక దొరికేది. 1948లో ఈ కేంద్రాలన్నీ కలిసి ఒక సమాఖ్యగా ఏర్పడినవి.

ఇంగ్లండులో కారణం వేరు. యుద్ధానంతరం పుట్టిన పిల్లలతో అక్కడి ప్రాథమిక పాఠశాలలు కిక్కిరిసిపోయాయి, టీచర్లు చాలలేదు. అందుచేత 1960లో విద్యాశాఖ సర్క్యులర్ జారీచేసి, నర్సరీ బడులు ఇక పెంచేది లేదని తేల్చేసింది. లండన్‌లో బెల్ టుటేవ్ అనే ఇల్లాలికి తన చిన్నకూతురి కోసం నర్సరీలో చోటు దొరకలేదు. ఆమె ఊరుకోలేదు. పొరుగింటావిడతో కలిసి ఒక చర్చి హాలులో ఆటల బడి తెరిచింది. 1961 ఆగస్టులో గార్డియన్ పత్రికకు ఉత్తరం రాసి, ఇతర తల్లులను కూడా కలిసి రమ్మని కోరింది. జవాబులు కుప్పలుగా వచ్చాయి. 1962లో ప్రీస్కూల్ ప్లేగ్రూప్స్ అసోసియేషన్ ఏర్పడింది.

ఇసుక, నీళ్లు, మట్టి, రంగులు — ఇవే అక్కడ పాఠ్యపుస్తకాలు. పిల్లలతో బాటు తల్లులూ నేర్చుకున్నారు. పదిమంది పిల్లల మధ్య తన బిడ్డను చూసినప్పుడు, వాడి మొండితనం ఆ వయసుకు సహజమేనని తల్లికి అర్థమౌతుంది కదా! ప్రాథమిక విద్యపై 1967లో నివేదిక ఇచ్చిన కమిటీ, ట్రైనింగైనవారు నడిపే నర్సరీల వైపే మొగ్గింది. ఆ కమిటీ అధ్యక్షురాలు లేడీ ప్లౌడెన్‌గారే 1972లో ఈ తల్లుల సంఘానికి అధ్యక్షురాలయ్యారు!

రానురాను తల్లులు ఉద్యోగాలకు వెళ్లసాగారు. వంతు చేయడానికి మనుషులు తగ్గిపోయారు. 1995లో సంఘం పేరు మారింది, అందులో ప్లేగ్రూప్ అన్న మాట పోయింది. న్యూజిలాండులో మాత్రం తల్లిదండ్రులు నడిపే ప్లేసెంటర్లు నేటికీ ఉన్నాయి.

మన దేశంలో 1975 అక్టోబరు 2న 33 బ్లాకులలో సమగ్ర శిశు అభివృద్ధి పథకం ప్రారంభమై అంగన్‌వాడీలు వచ్చాయి. చాలా మేలు జరిగింది. అయితే మనలో చాలామందిమి బిడ్డను గుమ్మం దాకా దింపి వచ్చేస్తాం. లోపల వాడు ఏం ఆడుతున్నాడో, ఎవరితో ఆడుతున్నాడో చూడం.

మన మొహల్లాలో ఎనిమిది పదిమంది తల్లులు కలిస్తే చాలు. ఒక గది, గేటున్న వాకిలి, బస్తాడు ఇసుక, ఎవరి వంతు ఏ రోజో రాసుకునే ఒక నోటుబుక్కు సరిపోతాయి. తండ్రులు కూడా సెలవురోజున ఒక వంతు తీసుకోవాలని నా మనవి.