ఫైళ్లలోని ఇంగ్లీషు తిట్లు



ఇంగ్లీషువాళ్లు 1947లో వెళ్లిపోయారు గాని వాళ్ల తిట్లు మన ఫైళ్లలో ఉండిపోయాయి. మిస్‌కాండక్ట్, ఇన్‌సబార్డినేషన్, విల్‌ఫుల్ ఆబ్సెన్స్ - ఎస్టాబ్లిష్‌మెంటు సెక్షన్‌లో పనిచేసిన మనవాళ్లకు ఇవి కొత్తగా చెప్పనక్కరలేదు.

ఈ మాటల చరిత్ర చిత్రమైనది. సినిమాల్లో మనం విలన్ అంటున్నామే, ఆ మాటకు మూలార్థం భూస్వామి పొలంలో పనిచేసే పల్లెటూరి మనిషి. ‘నేవ్’ అంటే మొదట కుర్రవాడు, తరువాత పనివాడు, చివరికి మోసగాడు. ‘నాటీ’ అంటే ఒకప్పుడు ఏమీ లేనివాడు. ఆ విధంగా పేదవాడి పేరే దుర్మార్గుడి పేరయింది.

మాటకు అధికారం తోడైతే ఎంత ప్రమాదమో మన దేశంలోనే చూశాం. ఠగ్గుల మీద కంపెనీ ప్రభుత్వం 1836లో చట్టం తెచ్చింది. ఫలానా హత్య చేశాడని రుజువు కానక్కరలేదు, ఠగ్గుల ముఠాకు చెందినవాడని తేలితే చాలు, యావజ్జీవ శిక్ష!

ఇక నా సంగతి. 1980 దశకంలో మా ఆఫీసులో ఒక అటెండరు, భార్య ఆసుపత్రిలో ఉన్నందున నలభై రోజులు రాలేదు. ఛార్జి మెమో తయారుచేసే పని నాది. పాత మెమో ముందు పెట్టుకుని పేరూ తేదీలూ మార్చాను. అందులోని ‘విల్‌ఫుల్’ అన్న మాట అలాగే ఉండిపోయింది. అంటే, కావాలనే రాలేదని. ఆ ఒక్క మాట మీద రెండు ఇంక్రిమెంట్లు క్యుములేటివ్ ఎఫెక్ట్‌తో ఆగిపోయాయి. దాని ఫలితం మన పెన్షనర్లకు వేరే చెప్పాలా? ఆయన పెన్షనూ తగ్గింది. ఆయన పోయాక ఆమెకు వచ్చే ఫ్యామిలీ పెన్షనూ ఆ మేరకు తక్కువే.

అసమర్థత వేరు, మిస్‌కాండక్ట్ వేరు అని సుప్రీంకోర్టు 1979లో జె. అహ్మద్ కేసులో చెప్పింది. అనారోగ్యం వంటి తప్పనిసరి కారణాలతో రాలేకపోతే అది విల్‌ఫుల్ కాదని 2012లో కృష్ణకాంత్ పర్మార్ కేసులో తేల్చింది. అప్పటికి నేను రిటైరై, ఆయన కాలం చేసి చాలా ఏళ్లయింది.

మన పిల్లల్లో ఆఫీసుల్లో ఉన్నవారికి ఈ ముసలి గుమాస్తా విన్నపం ఒక్కటే. ఎదుటివాడి నడత గురించి ఒక మాట రాసేముందు, అతణ్ణి పిలిచి ఏమైందని అడగండి. నేను అడగలేదు.