ఒకే ఇన్హేలర్‌లో రెండు మందులు: ఈ జత వెనుక చరిత్ర

ఉబ్బసానికి వైద్యులు నేడు రాసే ఇన్హేలర్లలో చాలావాటిలో రెండు మందులుంటాయి. ఒకటి బిగుసుకున్న శ్వాసనాళాలను సడలిస్తుంది. రెండవది స్వల్ప మోతాదు స్టిరాయిడ్; అది నాళాల లోపలి వాపును తగ్గిస్తుంది. ఈ రెంటినీ కలిపింది కేవలం సౌకర్యం కోసమేనని మీరు భావించి ఉండవచ్చు. అది సగం నిజమే. మిగతా సగం తెలియాలంటే రెండు శతాబ్దాలు వెనక్కి వెళ్లాలి.

ఆమదాలవలస పరిసరాల్లో ఉమ్మెత్త మొక్కను ఎరుగనివారుండరు. దాని పొగ పీలిస్తే ఆయాసం తగ్గుతుందని మన దేశంలో పూర్వమే తెలుసు. మద్రాసులో వైద్యాధికారిగా ఉన్న జేమ్స్ అండర్సన్ ద్వారా ఈ చికిత్సను తెలుసుకున్న జనరల్ జెంట్, 1802లో దానిని బ్రిటన్‌కు పరిచయం చేశాడు. అప్పటికి శ్రీకాకుళం ప్రాంతం కూడా మద్రాసు ఏలుబడిలోనిదే. ఉమ్మెత్తలోని అట్రోపిన్ వంటి పదార్థాలు నాళాలను సడలిస్తాయి. మోతాదు మించితే మతి తప్పించి ప్రాణం తీస్తాయి. కనుక నేడు ఎవరూ దాని జోలికి పోరాదు. అదే వంశానికి చెందిన, సురక్షితంగా రూపొందించిన ఇప్రట్రోపియం, టయోట్రోపియం మందులు మనకిప్పుడు ఇన్హేలర్లలో లభిస్తున్నాయి.

1956లో అమెరికాలోని రైకర్ సంస్థ, నొక్కిన ప్రతిసారీ ఒకే కొలత మందు వెలువరించే స్ప్రే ఇన్హేలర్‌ను విడుదల చేసింది. క్షణాల్లో ఊపిరాడేది. కానీ 1959, 1966 సంవత్సరాల మధ్య ఇంగ్లండు, వేల్సులలో 10–14 ఏళ్ల పిల్లల ఉబ్బస మరణాలు ఏడెనిమిది రెట్లు పెరిగాయి. గాఢత హెచ్చుగా ఉన్న ఐసోప్రినలిన్ స్ప్రేలను మితిమీరి వాడడంపై అనుమానం కలిగింది. 1968లో వైద్యుని చీటీ లేనిదే వాటిని అమ్మరాదని అక్కడి ప్రభుత్వం నిబంధన పెట్టింది. మరణాలు తగ్గుముఖం పట్టాయి. మందు చేసిన హాని ఎంత, ఆసుపత్రికి ఆలస్యంగా చేరడం వల్ల జరిగిన హాని ఎంత అన్న చర్చ చాలాకాలం సాగింది. ఒక సంగతి మాత్రం స్పష్టం: ఆయాసం తగ్గినంత మాత్రాన వ్యాధి తగ్గినట్లు కాదు. లోపల వాపు పెరుగుతూనే ఉంటుంది.

ఆ వాపును అణచే బెక్లోమెథసోన్ ఇన్హేలర్ 1972లో బ్రిటన్‌లో వాడుకలోకి వచ్చింది. అటుపిమ్మట సుమారు పన్నెండు గంటలు పనిచేసే సాల్మెటెరాల్ వచ్చింది. అమెరికాలో 26 వేలకు పైగా రోగులపై జరిగిన పరిశీలనలో, సాల్మెటెరాల్ వాడినవారిలో 13 మంది, వాడనివారిలో ముగ్గురు ఉబ్బసంతో మరణించారు. 2003లో ఆ పరిశీలనను ముందుగానే ఆపివేశారు. ఉబ్బస రోగులు ఇటువంటి మందును స్టిరాయిడ్ తోడు లేకుండా వాడరాదని 2010లో అమెరికా ఔషధ నియంత్రణ సంస్థ ఆదేశించింది. రెండూ కలిపి ఇచ్చినప్పుడు అటువంటి ముప్పు కనబడలేదని పెద్ద పరిశోధనలు తేల్చాక, 2017లో జంట మందులపై ఉన్న తీవ్ర హెచ్చరికను తొలగించింది. ఆ జత వెనుక ఇన్ని ప్రాణాల పాఠముంది.

అయితే ఆయాసమంతా ఉబ్బసం కాదు. కట్టెల పొయ్యి పొగ, బీడీ, చుట్ట, నిప్పును నోటిలోపల ఉంచి కాల్చే మన ఉత్తరాంధ్ర ‘అడ్డపొగ’ — ఇవి ఊపిరితిత్తులను ఏళ్ల తరబడి దెబ్బతీసి సీఓపీడీకి దారితీయగలవు. ఆ వ్యాధిలో నాళాలను సడలించే రెండు మందుల జతే తరచుగా ప్రధాన చికిత్స. అందరికీ స్టిరాయిడ్ అవసరం ఉండదు. పైగా వారిలో అది నిమోనియా ముప్పును పెంచవచ్చు. కాబట్టి పొరుగువారికి పనిచేసిన ఇన్హేలర్ మీకు పనిచేస్తుందని తలచి అరువు తెచ్చుకోకండి.

మీరు పాటించవలసినవి కొన్నే. ఊపిరి పూర్తిగా వదిలాకే మందు పీల్చాలి. స్ప్రే అయితే బాగా కుదిపి, నెమ్మదిగా, లోతుగా పీల్చాలి. స్పేసర్ ఉంటే మరీ మంచిది. పొడి మందైతే బలంగా, వేగంగా పీల్చాలి. పీల్చాక పది సెకన్లు ఊపిరి బిగబట్టాలి. స్టిరాయిడ్ ఉన్నదైతే తప్పక నోరు పుక్కిలించి ఉమ్మివేయాలి. లేకుంటే నోటిలో తెల్లపూత ఏర్పడవచ్చు. ఫార్మొటెరాల్ కలిసిన కొన్ని ఇన్హేలర్లను ఆయాసం వచ్చినప్పుడు కూడా వాడమని వైద్యులు చెప్పవచ్చు. సాల్మెటెరాల్ కలిసినవాటిని అలా వాడరాదు.

హాయిగా ఉందని మీకు మీరే మందు మానకండి. ఆ హాయి మందు వల్ల వచ్చినదే కావచ్చు. తక్షణ ఉపశమనమిచ్చే ఇన్హేలర్ అవసరం నానాటికీ పెరుగుతుంటే వైద్యుని సంప్రదించండి. ఒక వాక్యం పూర్తిగా పలకలేనంత ఆయాసం వస్తే, పెదవులు నీలిరంగుకు తిరిగితే, తెల్లవారేదాకా ఆగక ఆసుపత్రికి బయలుదేరండి. మొన్నటి తరాల మరణాలు వైద్యలోకానికి నేర్పిన పాఠాన్ని మన ఇళ్లలో మళ్లీ ప్రాణాలొడ్డి నేర్చుకోవలసిన పనిలేదు.